కొలతకు అందని ఆటగాడు

మీ పాఠశాలలో ఆటల జట్టును ఎలా ఎంచుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. పొడుగ్గా ఉన్నవాణ్ణి, వేగంగా పరుగెత్తేవాణ్ణి, ఎత్తుకు ఎగరగలవాణ్ణి ముందుగా పిలుస్తారు. చివరికి మిగిలిపోయినవాడు గోడవారగా నిలబడి స్కోరు రాస్తుంటాడు. ఇది న్యాయమా, అన్యాయమా అన్న సంగతి అలా ఉంచండి. ఇందులో విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. జట్టును ఎంచేవారు ఏదో ఒకదాన్ని కొలుస్తున్నారు కదా! వారు కొలిచేదీ, ఆటకు నిజంగా కావలసిందీ ఒకటేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి సెర్బియా దేశపు బాస్కెట్‌బాల్ ఆటగాడు నికోలా యోకిచ్ కథ మనకు బాగా పనికి వస్తుంది.

నలభై మంది తరువాత

సెర్బియా ఐరోపాలోని బాల్కన్ ప్రాంతంలో ఉన్న చిన్న దేశం. దాని వాయవ్య మూలన, హంగరీ సరిహద్దుకు దగ్గరగా సోంబోర్ అనే పట్టణం ఉంది. యోకిచ్ అక్కడే 1995 ఫిబ్రవరి 19న పుట్టాడు. చిన్నతనంలో బొద్దుగా ఉండేవాడు. తీపి పానీయాలంటే ప్రాణం. బంతితో సమానంగా గుర్రాలను ప్రేమించేవాడు. ఇప్పటికీ ఆటలకు సెలవు దొరికితే సోంబోర్‌లోని తన గుర్రపుశాలకే చేరుకుంటాడు.

అమెరికాలో ఎన్.బి.ఏ. అనే వృత్తి బాస్కెట్‌బాల్ సంఘం ఉంది. అందులో 30 జట్లు. ఏటా ఈ జట్లు వరుసగా ఒక్కొక్క కొత్త ఆటగాణ్ణి పేరు పెట్టి ఎంచుకుంటాయి. అలా రెండు ఆవృత్తాలు సాగుతాయి. ఎంచుకునేముందు ఆటగాళ్ళ ఎత్తు, చేతుల పొడవు, ఎగిరే ఎత్తు, పరుగు వేగం అన్నీ అంగుళాలలోనూ, సెకన్లలోనూ కొలుస్తారు. 2014లో యోకిచ్ పేరు వచ్చేసరికి నలభై మంది ఎంపిక అయిపోయారు. 41వ వాడుగా డెన్వర్ నగరపు జట్టు అతణ్ణి ఎంచుకుంది. అప్పుడు అమెరికా టెలివిజన్‌లో వ్యాపార ప్రకటన నడుస్తోంది. యోకిచ్ సెర్బియాలో నిద్రపోతున్నాడు. అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటింది మరి!

యోకిచ్ ఎత్తు 211 సెంటీమీటర్లు. కాబట్టి పొడుగు విషయంలో లోటేమీ లేదు. కాని అంత పొడుగువాళ్ళు ఆ సంఘంలో ఎందరో ఉన్నారు. వారిలో ఇతడు నెమ్మదిగా పరుగెత్తేవాడు, పెద్దగా ఎగరలేనివాడు. ఎంపిక చేసినవారు మూర్ఖులు కారు. వారి టేపు, వారి గడియారం అబద్ధం చెప్పలేదు. అయితే టేపుకు అందనిది కూడా ఆటలో ఉంటుంది. అదేమిటో చూద్దాం.

గాజు చెప్పే రహస్యం

ముందు బుట్ట సంగతి. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టాడు. చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట కావాలి. లక్ష్యం నేల మీద ఉంటే బంతిని బలంకొద్దీ విసురుతారు, దెబ్బలు తగులుతాయి. అదే తల కంటే పైన ఉంటే మెల్లగా, వంపుగా విసరక తప్పదు. ఇలా ఆలోచించి ఆయన వ్యాయామశాల వసారాకు రెండు పండ్ల బుట్టలు బిగించాడు. ఆ వసారా ఎత్తు 10 అడుగులు. నేటికీ బాస్కెట్‌బాల్ వలయం అదే ఎత్తున, అంటే 3.05 మీటర్ల దగ్గర ఉంటుంది.

వలయం వ్యాసం సుమారు 46 సెంటీమీటర్లు. బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. చూశారా! వలయంలో ఇంచుమించు రెండు బంతులు పక్కపక్కన పడతాయి. మరి బంతి వేయడం అంత కష్టం ఎందుకు?

మీ ఇంట్లో ఒక గాజు తీసుకోండి. బల్ల మీద పరిచి సరిగ్గా పైనుంచి చూడండి. గుండ్రంగా కనిపిస్తుంది. ఇప్పుడు తలను నెమ్మదిగా కిందికి దించుతూ చూడండి. గాజు కోడిగుడ్డు ఆకారంలోకి మారి, క్రమంగా సన్నబడి, చివరికి ఒక గీతలా అయిపోతుంది. గాజు మారలేదు, మీరు చూసే కోణం మారింది. బంతికీ అంతే! బంతి నిట్టనిలువుగా దిగితే దానికి దొరికే ద్వారం 46 సెంటీమీటర్లు. 60 డిగ్రీల వాలులో వస్తే 40 సెంటీమీటర్లు. 45 డిగ్రీలలో 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీలలో వస్తే 23 సెంటీమీటర్లే మిగులుతుంది. బంతి 24 కదా! అంటే చదునుగా వచ్చిన బంతి వలయానికి తగలకుండా లోపలికి పోవడం అసాధ్యమన్నమాట.

అయితే ఆకాశానికి ఎత్తి వేస్తే సరిపోతుందా అంటారేమో. అప్పుడు ఎక్కువ బలం కావాలి. బలం పెరిగినకొద్దీ చేతిలోని చిన్న పొరపాటు పెద్దదవుతుంది. అందుకే మరీ చదునుగా కాకుండా, మరీ నిలువుగా కాకుండా, సుమారు 50 డిగ్రీల కోణంలో వదలడం మంచి ఆటగాళ్ళ పద్ధతి.

ఎత్తైనవానికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఒక విద్యార్థి బంతిని 1.9 మీటర్ల ఎత్తులో వదిలాడనుకుందాం. అది వలయాన్ని చేరాలంటే కనీసం 115 సెంటీమీటర్లు పైకి లేవాలి. యోకిచ్ లాంటివాడు 2.6 మీటర్ల దగ్గర వదిలితే 45 సెంటీమీటర్లు లేస్తే చాలు. ఎగరకపోయినా అతని చేతి ఎత్తు అతనికి మిగులుతుంది. యోకిచ్ ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ, బంతిని తల మీదుగా పెద్ద వంపులో వేస్తాడు. చూసేవారికి పడిపోతున్నట్టే ఉంటుంది! ఎదుటివాని చేయి మాత్రం దానికి అందదు. అతని ఊరి పేరు మీదనే ఆ విద్యకు ‘సోంబోర్ షఫుల్’ అని పేరు వచ్చింది.

మనిషి లేని చోటికి బంతి

యోకిచ్‌కు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది బంతి వేయడం కాదు, బంతి అందించడం. ఇందులోని లెక్క చూడండి. మీ స్నేహితుడు సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాడు. మీరు విసిరిన బంతి అతణ్ణి చేరడానికి ఒక సెకను పట్టింది. మీరు అతను ఉన్న చోటికి విసిరితే, బంతి వెళ్ళేసరికి అతను 6 మీటర్లు ముందుకు పోయి ఉంటాడు! కాబట్టి బంతిని మనిషి ఉన్న చోటికి కాదు, మనిషి ఉండబోయే చోటికి పంపాలి.

దీనికి తోడు మరొక చిక్కు. కన్ను చూసిన దానికి చేయి స్పందించడానికి సుమారు సెకనులో అయిదో వంతు కాలం పడుతుంది. ఎంత చురుకైన ఆటగాడికైనా దీన్ని పెద్దగా తగ్గించడం సాధ్యం కాదు. మరి గొప్ప ఆటగాడికి సమయం ఎక్కడినుంచి వస్తుంది?

1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చదరంగంతో ఒక ప్రయోగం చేశారు. నిజమైన ఆటలోని ఒక స్థితిని అయిదు సెకన్లు చూపించి, పావులను మళ్ళీ అలాగే పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు చాలా పావులను సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు కొన్నిటినే పెట్టగలిగాడు. తరువాత పావులను ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపారు. ఇప్పుడు ఆరితేరినవాడి ఆధిక్యం దాదాపు పోయింది! అంటే అతని జ్ఞాపకశక్తి మనకంటే గొప్పదేమీ కాదు. అతడు పావులను విడివిడిగా కాక, అర్థం ఉన్న గుంపులుగా చూస్తున్నాడు. మనం ‘పాఠశాల’ అన్న మాటను అక్షరం అక్షరంగా కూడబలుక్కోకుండా ఒక్క చూపులో చదివినట్టే.

1980లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళతో చేసిన ప్రయోగంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. యోకిచ్ వంటివాడు ముందుగా పరుగెత్తడు, ముందుగా చదువుతాడు. అవతలివాడు ఒక అడుగు వేయగానే తరువాతి రెండు అడుగులు ఇతనికి తెలిసిపోతాయి. ఈ చదువును ఏ టేపు కొలుస్తుంది చెప్పండి?

చదువు చెప్పినవారు

ఇది పుట్టుకతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. సెర్బియా ఒకప్పుడు యుగొస్లావియాలో భాగం. 1950లో అర్జెంటీనాలో జరిగిన మొదటి ప్రపంచ పోటీలలో యుగొస్లావియా పది జట్లలో చిట్టచివర నిలిచింది. ఇరవై ఏళ్ళకు, 1970లో, అదే దేశం ప్రపంచ విజేత అయింది. మధ్యలో జరిగింది ఉపాధ్యాయుల పని. అలెక్సాండర్ నికోలిచ్ అనే శిక్షకుడు ఆ దేశంలో శిక్షణను ఒక శాస్త్రంలా తీర్చాడు. పశువైద్యశాస్త్రం చదివిన బోరిస్లావ్ స్టాంకోవిచ్ 1976 నుంచి 2002 వరకు ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉండి, ఒలింపిక్స్ తలుపులు వృత్తి ఆటగాళ్ళకు తెరిపించాడు. 1989లో సెర్బియా యువకుడు వ్లాడే దివాట్స్ అమెరికా వెళ్ళి, తరువాతివారికి దారి వేశాడు.

యోకిచ్‌కు మెగా అనే సెర్బియా జట్టులో డెయాన్ మిలోయెవిచ్ శిక్షకుడు. తానూ ఒకనాటి గొప్ప ఆటగాడే. శరీరం బలహీనంగా ఉన్న కుర్రవాణ్ణి ఓపికగా తీర్చిదిద్దాడు. 2014లో ఎంపికైన తరువాత కూడా యోకిచ్ వెంటనే అమెరికా వెళ్ళకుండా మరో ఏడాది ఆయన దగ్గరే ఆడి, ఆ ఏడు అడ్రియాటిక్ లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు. మిలోయెవిచ్ 2024 జనవరిలో గుండెపోటుతో మరణించాడు.

యోకిచ్ 2015లో డెన్వర్ చేరాడు. అది సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. అక్కడ గాలి పలుచన. పరుగెత్తేవారికి ఊపిరి త్వరగా చిక్కబట్టదు. తీపి పానీయాలు మానాడు, వ్యాయామం పెంచాడు. 2016 ఒలింపిక్స్‌లో సెర్బియాతో కలిసి వెండి పతకం, 2024లో కంచు పతకం పొందాడు. 2021లో, 2022లో, 2024లో ఎన్.బి.ఏ. అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అంత వెనుక ఎంపికైనవాడు ఆ బహుమతి గెలవడం అంతకుముందు ఎన్నడూ లేదు. 2023లో డెన్వర్ జట్టును మొట్టమొదటిసారి విజేతగా నిలిపాడు. ఆ ఏటి చివరి దశ పోటీలన్నిటిలో కలిపి పాయింట్లు, బంతిని తిరిగి పట్టడం, బంతి అందించడం - ఈ మూడింటిలోనూ ప్రథముడు అతడే. ఒకే మనిషి మూడింటిలో ప్రథముడు కావడం అదే మొదలు.

ఒక హెచ్చరిక

ఇక్కడ తొందరపడి ఒక సూత్రం కట్టకండి. ఒక్క ఉదాహరణ సూత్రం కాదు. వెనుక ఎంపికైన వారందరూ యోకిచ్‌లు కాలేదు. 211 సెంటీమీటర్ల ఎత్తు సాధనతో రాదు. మనం చెప్పగలిగింది ఒక్కటే. కొలత తాను కొలిచినదాన్ని గురించే మాట్లాడుతుంది. ఎగరడాన్ని కొలిస్తే ఎగరడం తెలుస్తుంది, ఆట తెలియదు. థర్మామీటరు జ్వరం ఎంతో చెబుతుంది, రోగం పేరు చెప్పదు. మీ మార్కుల పట్టికను కూడా ఇలాగే చదవాలి. దాన్ని కాదనకూడదు, అదే సర్వస్వమనీ అనుకోకూడదు.

మీరూ చేసి చూడండి: ఒక బకెట్టును బల్ల మీద పెట్టి మూడు మీటర్ల దూరంలో నిలబడండి. కాగితపు ఉండను చదునుగా 20 సార్లు, వంపుగా 20 సార్లు వేయండి. ఎన్ని పడ్డాయో రెండు వరుసలలో రాసుకోండి. వారం రోజులు రోజూ చేసి, మొదటి రోజు అంకెలను ఏడో రోజు అంకెలతో పోల్చండి. మీ తరగతిలో జట్టులోకి ఎవరూ పిలవనివాణ్ణి కూడా ఈ ప్రయోగానికి పిలవండి. అతని అంకెలు ఎలా ఉంటాయో ముందుగా ఊహించకండి. వేయించి చూడండి.