నడిపినవాడే కాదు, నడిపించినవాడూ దోషే!

2025 జూలై 13, ఆదివారం రాత్రి. రాజంపేట ప్రాంతపు తోటల్లో పగలంతా మామిడికాయలు కోసిన కూలీలు ఆ కాయల లోడు మీదే కూర్చుని ఇళ్లకు బయల్దేరారు. లారీ రైల్వేకోడూరు మార్కెట్టుకు పోవాలి. పుల్లంపేట మండలం రెడ్డిపల్లె చెరువు కట్ట మీద అది బోల్తా పడింది. తమ చేతులతో కోసిన కాయల కిందే నలిగి 9 మంది చనిపోయారు.

అంతకు పది నెలల ముందు, 2024 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిగింజల మినీ లారీ తిరగబడింది. బస్తాల కింద పడి 7 మంది కూలీలు ప్రాణాలు విడిచారు.

ఊరు మారింది, సరుకు మారింది. చచ్చింది మాత్రం కూలివాడే!

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వినబడే మాట ఒకటే: "డ్రైవరు నిర్లక్ష్యం". డ్రైవరు తప్పు చేస్తే శిక్షించాల్సిందే. కానీ మనుషుల్ని లోడు మీదికి ఎక్కించింది ఎవరు?

పని ముగిసేసరికి పొద్దుగూకుతుంది. ఆ వేళకు ఊరికి బస్సుండదు. "ఇంకో బండి పెట్టన్నా" అని మేస్త్రీని అడిగితే, "కిరాయి నువ్విస్తావా? ఎక్కితే ఎక్కు, లేకుంటే రేపట్నుంచి పనికి రావద్దు" అంటాడు. మేస్త్రీ వెనక వ్యాపారి ఉన్నాడు. ఒక్క కిరాయితో సరుకూ, మనుషులూ రెండూ చేరాలన్నదే ఆయన లెక్క. ఆ మిగులు కోసం కూలీల ప్రాణాలు పణంగా పెడుతున్నారు.

లోడు ఎత్తు పెరిగేకొద్దీ బండి నిలకడ తగ్గుతుంది. మలుపులోనో, కట్ట అంచునో ఒక చక్రం దిగితే చాలు, సరుకంతా ఒక పక్కకు జారి బండిని పడదోస్తుంది. పైన కూర్చున్నవాళ్లకు పట్టుకోను ఆధారం ఉండదు. దీన్ని విధి రాత అనడం మోసం.

మరి చట్టం లేదా? ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిలో బరువు మితిమీరితే జరిమానా 20 వేల రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. అదే మనుషులు మితిమీరితే? తలకు 200 రూపాయలు! సర్కారు దృష్టిలో మన తల విలువ అంత!

అయినా ఆ చట్టంలోనే ఒక మంచి మాట ఉంది. బండి నడిపినవాడే కాదు, నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ శిక్షార్హులే. ఈ మాట పట్టుకుని యజమానుల మీదా కేసు పెట్టాలి.

చచ్చాక జరిగే అన్యాయం మరొకటి. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించినవారికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002 చివర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరుకు యజమానికీ, ఆయన ప్రతినిధికీ 1994 సవరణతో రక్షణ దొరికింది. బండి యజమాని పెట్టుకున్న పనివాళ్లకూ కొంత రక్షణ ఉంది. సరుకు కోసిన కూలీ మాత్రం కంపెనీవాళ్ల కంటికి ఊరికే ఎక్కినవాడే!

అందుచేత ప్రమాదం జరిగితే పోలీసు కాగితాల్లో ఎవరు పనికి పిలిచారో, ఎంత కూలికో, బండి ఎవరిదో, ఎవరు ఎక్కించారో రాయించాలి. పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు ఆరు నెలల్లోగా వెళ్లాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి కర్మకాండలు ముగియగానే సంఘం కార్యకర్తలు ఆ కుటుంబం దగ్గర కూర్చుని దరఖాస్తు రాయాలి.

ట్రాక్టర్ల సంగతీ ఇంతే. నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో 2018 ఏప్రిల్‌లో ట్రాక్టరు కాలువలో పడి 9 మంది కూలి స్త్రీలు చనిపోయారు. అదే ఏడు జూన్‌లో వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడింది, 15 మంది పోయారు. రెండు చోట్లా ట్రాలీల్లో ఉన్నది పొలం పనికి బయల్దేరినవాళ్లే.

కూలీలను తెచ్చి దింపే బండి ఖర్చు పని పెట్టుకున్నవాడిదే కావాలి. ఆ బండి మనుషులు కూర్చునేదై ఉండాలి. మార్కెట్టు గేటు దగ్గర బస్తాలు లెక్కపెట్టే అధికారులు లోడు మీది మనుషుల్ని కూడా చూడాలి. కోతల కాలంలో పల్లెలకు సాయంత్రం బస్సులు నడపాలి.

ఒక్కడు "ఎక్కను" అంటే పని పోతుంది. ఊరి కూలీలంతా ఒక్కమాట మీద "లోడు మీద ఎక్కం" అంటే బండి తానే వస్తుంది. కాయలు చెట్టున పండిపోతుంటే ఆగలేనిది వ్యాపారే గాని కూలివాడు కాదు!