కాలువ గట్టు నుంచి కొండ పచ్చిక దాకా

పాలకొల్లులో పుట్టి పెరిగిన వారికి ఎత్తు అంటే తెలిసినవి మూడే: కాలువ వంతెన, మేడమెట్లు, కొబ్బరి చెట్టు. సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తయినా లేని సమతల భూమి మనది. అటువంటి నేల నుంచి బయలుదేరి, 3,400 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక మైదానాల్లో నడిచి రావాలని నిరుడు మేము సంకల్పించినప్పుడు బంధువులు నవ్వారు. "వంతెన ఎక్కితేనే ఆయాసపడతారు, హిమాలయాలు ఎక్కుతారా?" అన్నారు. ఆ నవ్వులో నిజం లేకపోలేదు. కనుక కొండల సౌందర్యాన్ని వర్ణించడం కన్నా, తొలిసారి వెళ్ళే కుటుంబం తెలుసుకోవలసినవి చెప్పడమే మేలని తలచాము.

మేము ఎంచుకున్నది ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉన్న దయారా బుగ్యాల్. అడవి అంతమయ్యే ఎత్తుకు పైన, మంచు కరిగిన తరువాత పచ్చబడే విశాలమైన గడ్డినేలను గఢ్వాల్ ప్రాంతంలో బుగ్యాల్ అంటారు. వేసవిలో కొండ గ్రామాల వారు పశువులను మేపుకోవడానికి అక్కడికి తోలుకువెళతారు. తాళ్ళు కట్టుకుని ఎక్కవలసిన బండలు, హిమానీనదాలు ఈ దారిలో లేవు. ఆరోగ్యవంతులైన కొత్తవారు తగిన సాధనతో, స్థానిక మార్గదర్శకుని వెంట నడవగలిగిన దారి ఇది.

బయలుదేరింది ఐదుగురం: మేమిద్దరం, పన్నెండేళ్ళ మా అమ్మాయి, కొబ్బరి వ్యాపారం చేసే మా అన్నయ్య, వదిన. మూడు నెలల ముందే సాధన మొదలుపెట్టాము. ఫజ్ర్ నమాజు తరువాత కాలువ గట్టు మీద ఐదు కిలోమీటర్ల నడక. సాయంత్రం వీపున బరువైన సంచితో మేడమెట్లు ఎక్కడం, దిగడం. వాలు నేల అలవాటు కావాలని ఒక రోజు మారేడుమిల్లి వెళ్ళి, గుడిస గడ్డికొండల మీద నడిచాము. కొత్త బూట్లు ఎలా కరుస్తాయో అక్కడే తెలిసింది. బూట్లను ఇంటి వద్దే కొన్ని వారాలు తొడిగి మెత్తబరచుకోవాలి. రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా ఇటువంటి ప్రయాణం తలపెట్టరాదు.

ఢిల్లీ వరకు రైలు, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపైన ఉత్తరకాశీ, భట్వాడీల మీదుగా రైథల్ గ్రామానికి ఘాట్ రోడ్డు. రైథల్ 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. ఆ రాత్రి అక్కడే నిద్ర. మరునాడు ఓక్ చెట్ల అడవిలో నడిచి, పచ్చికకు దిగువన గుడారాల్లో మకాం. మూడవ రోజు పైకి వెళ్ళి తిరిగి మకాముకు రావడం, నాలుగవ రోజు గ్రామానికి దిగడం మా ప్రణాళిక. బుగ్యాల్ మీద రాత్రి మకాం వేయరాదని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో ఆదేశించింది. గుడారాలను, సామానును కంచరగాడిదలు మోశాయి. భోజనం పప్పు, అన్నం, రొట్టె, కూరగాయలు మాత్రమే కనుక హలాల్ విషయంలో చింత లేకపోయింది. ప్రయాణికులకున్న సౌలభ్యం ప్రకారం నమాజును కుదించి చదువుకున్నాము. గడ్డకట్టే చలిలో మేజోళ్ళ మీద మసహ్ ఎంత గొప్ప ఉపశమనమో అక్కడ అర్థమైంది.

మార్గదర్శకుడు రైథల్ వాసి. ఆయన మొదటి రోజే రెండు నియమాలు చెప్పారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి. మిగిలినవారు వారి వెనుకనే నడవాలి. రెండవది, ఒంట్లో ఏ మార్పు వచ్చినా దాచకూడదు. దీనికి కారణం ఉంది. ఎత్తుకు వెళ్ళినా గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. కాని గాలి పీడనం తగ్గుతుంది. 3,400 మీటర్ల వద్ద అది సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి ప్రతి శ్వాసలోనూ మనకు అందే ప్రాణవాయువు అంత మేరకు తగ్గుతుంది. శరీరం అలవాటుపడటానికి వ్యవధి కావాలి. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్రపట్టకపోవడం తొలి హెచ్చరికలు. అవి కనిపిస్తే ఇంకా ఎత్తుకు వెళ్ళరాదు. తగ్గకపోయినా, ఎక్కువైనా దిగిపోవాలి. దేహదారుఢ్యం ఉన్నవారికి ఇది రాదనుకోవడం పొరపాటు.

మాలో అందరికన్నా బలంగా నడిచినవాడు అన్నయ్యే. రెండవ రాత్రి గుడారంలో అతనికి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. అన్నం ముట్టలేదు, ఒకసారి వాంతి కూడా అయింది. అది చూసినది మా అమ్మాయి ఒక్కతే. "ఎవరికీ చెప్పకమ్మా, నా మూలంగా అందరి ప్రయాణం ఆగిపోకూడదు" అని ఆమె చేత మాట తీసుకున్నాడు. తెల్లవారి మార్గదర్శకుడు ఒక్కొక్కరినీ అడిగినప్పుడు, బాగానే ఉన్నానన్నాడు. అమ్మాయి తల వంచుకుని నిలబడింది. నడక మొదలుపెట్టబోతుండగా ఆయన దగ్గరకు వెళ్ళి, "బడే అబ్బా రాత్రి వాంతి చేసుకున్నారు" అని చెప్పేసింది.

మార్గదర్శకుడు కోప్పడలేదు, వాదించనూ లేదు. సహాయకుణ్ణి తోడిచ్చి, అన్నయ్యను కిందికి దిగమన్నారు. వదిన అతనితో బయలుదేరింది. ఇంత దూరం వచ్చి రెండు గంటల నడకకు దూరమయ్యానన్న బాధతో అన్నయ్య అమ్మాయి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

మేము ముగ్గురం పైకి వెళ్ళాము. అడవి ఒక్కసారిగా ముగిసి, కనుచూపు మేర పచ్చిక పరచుకుంది. ఎదుట మంచు కప్పుకున్న బందర్‌పూంఛ్ శిఖరం. సుబ్‌హానల్లాహ్ అన్నది తప్ప మాకు మరో మాట రాలేదు. అమ్మాయి మాత్రం కన్నీళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. నీటి కోతకు గురైన చోట్ల కొబ్బరి పీచుతో నేసిన వలలు పరచి, పైన్ ఆకులతో అడ్డుకట్టలు వేసి అటవీశాఖ నేలను నిలబెట్టిన తీరును మార్గదర్శకుడు వివరించారు. అప్పుడు ఆమె తల ఎత్తి, "కొబ్బరి పీచు అంటే బడే అబ్బాకు చెప్పాలి" అంది.

మరునాడు రైథల్‌కు దిగేసరికి అన్నయ్య ఎండలో కూర్చుని రొట్టె తింటున్నాడు. ముందురోజు సాయంత్రానికే తలనొప్పి తగ్గిపోయిందట. అమ్మాయిని దగ్గరకు పిలిచి, "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేవాణ్ణి కాదమ్మా. తప్పు నాది. చిన్నపిల్లవని నీ మీద ఆ బరువు పెట్టాను" అన్నాడు. ఆమె కొబ్బరి పీచు వలల సంగతి మొదలుపెట్టింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని మన పిల్లలకు నేర్పుతాము. కాని ఒక ప్రాణానికి ముప్పు తెచ్చే రహస్యాన్ని దాచమని పిల్లలను అడిగే హక్కు పెద్దలకు లేదని కూడా నేర్పాలి. కొండ మీద ఒక్కరు దాచిన నొప్పి అందరికీ ఆపద కాగలదు. వెనుదిరగడం ఓటమి కాదు. శిఖరాలు ఎక్కడికీ పోవు.

బయలుదేరేవారికి మరి రెండు మాటలు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, ఒకే మందపాటి కోటు కన్నా ఒకదానిపై ఒకటి తొడిగే పలుచని ఉన్ని దుస్తులు మేలు. కొండచరియలు విరిగిపడే వర్షాకాలం వద్దు. మే, జూన్ తొలి వారాలు గానీ, సెప్టెంబరు చివర నుంచి గానీ అనుకూలం. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చుకోండి.

అన్నయ్య మళ్ళీ సాయంత్రాలు మేడమెట్లు ఎక్కుతున్నాడు. ఇన్షా అల్లాహ్, ఈసారి రైథల్‌లో ఒక రోజు అదనంగా ఆగి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఎవరికి తల నొప్పిగా ఉన్నా ముందుగా అడిగి తెలుసుకునే బాధ్యతను అన్నయ్య అమ్మాయికే అప్పగించాడు.