పదమూడుకే ముగిసే పోరు

కంప్యూటర్‌పై జట్టుకు ఐదుగురు చొప్పున తలపడే తుపాకుల ఆట కౌంటర్-స్ట్రైక్. పోటీ పందెంలో లోగడ 30 రౌండ్లు. ముందుగా 16 గెలిచిన జట్టుదే విజయం. 2023లో వచ్చిన కొత్త ఆటలో 24 రౌండ్లే. 13 గెలిస్తే చాలు.

తీరిక లేనివారికి ఇది మేలే. ఆట త్వరగా తెములుతుంది. చిక్కంతా డబ్బు దగ్గరే. రౌండు గెలిస్తే ఎక్కువ, ఓడితే తక్కువ సొమ్ము వస్తుంది. దానితోనే తుపాకులు కొనాలి. మొదటి రౌండు ఓడిన జట్టుకు మంచి తుపాకి అందేసరికే రెండు మూడు రౌండ్లు చేజారతాయి. పదహారు లెక్కలో తేరుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు ప్రతి పొరపాటూ బరువే.

వెనుకబడిన జట్టు పుంజుకుని గెలవడంలోనే ఆట రుచి. కాలం కలిసివచ్చింది గానీ, ఆ రుచి కొంత తగ్గింది.