75 వాట్ల ఆట

బ్యాంకు కౌంటర్లలో, కాల్ సెంటర్ వరసల్లో, కాలేజీ ల్యాబుల్లో మానిటర్ పక్కన ఒదిగి ఉండే సన్నటి నల్ల డబ్బాను ఆటల కోసం ఎవరూ తయారుచేయలేదు. డెల్ కంపెనీ 1993లో ఆప్టిప్లెక్స్ వరసను మొదలుపెట్టింది ఆఫీసు పని కోసమే. పట్టికలు, మెయిళ్లు, ప్రింటర్, అంతే. ఒకే రకం పెట్టెలు వందలకొద్దీ కొని, కొన్నేళ్లు వాడి, లీజు తీరగానే లారీకెత్తి పంపేస్తారు. అవి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు చేరి, దుమ్ము దులిపించుకుని, సెకండ్ హ్యాండ్ సరుకుగా షాపుల్లో పేరుకుంటాయి. కొనడానికి వచ్చే కుర్రాళ్లు చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, దీంట్ల జీటీఏ నడుస్తదా?"

ఉన్నదున్నట్టుగా అయితే ఈడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే నడుస్తుంది. ఏ కార్డు, ఎంత కార్డు అన్న దగ్గరే ఈ యంత్రం అసలు కథ ఉంది.

ఆప్టిప్లెక్స్ 9020 చిన్న సైజు మోడల్‌నే తీసుకుందాం. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లతో 2013లో వచ్చింది. ఈ తరంలో ఎక్కువగా దొరికే ఐ5-4590కి నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్ వేగం. ఆఫీసు పనికి ఈనాటికీ లోటు చేయదు. కానీ ఆట అంటే లెక్క వేరు. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. బొమ్మ నున్నగా కదలాలంటే వాటన్నిటికీ సెకనుకు 60 సార్లు కొత్త రంగు తేల్చాలి. ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. వెలుగు ఎటు పడుతోంది, నీడ ఎటు, గోడ వెనక ఉన్నది కనిపిస్తుందా లేదా, అన్నీ ఆలోపే. ప్రాసెసర్‌లోనే ఇమిడివున్న హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ ఈ పనికి పుట్టింది కాదు. దానికి సొంత మెమరీ కూడా లేదు, ర్యామ్‌లోంచే అరువు తెచ్చుకోవాలి.

ఆ అరువు దగ్గర ఒక చిన్న కిటుకుంది. ఖర్చు తగ్గుతుందని ఆఫీసులు చాలాసార్లు ఒకే ర్యామ్ స్టిక్కుతో ఇలాంటి పెట్టెలు కొంటాయి. డీడీఆర్3-1600 స్టిక్కు ఒకటి సెకనుకు 12.8 గిగాబైట్లు అందిస్తుంది. పక్క స్లాట్‌లో సరైన జోడీ పెడితే రెండు దారులూ తెరుచుకుని 25.6 అవుతుంది. కార్డు కొనే స్తోమత లేనివాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే. షాపుల్లో దీన్ని గట్టిగా చెప్పరు, ఒక స్టిక్కు అమ్మితే మిగిలేదెంత! అయినా కార్డు ముందు ఇదీ తక్కువే. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టిఐ తన నాలుగు గిగాబైట్ల సొంత మెమరీ నుంచి సెకనుకు 112 గిగాబైట్లు లాక్కుంటుంది.

సరే, కార్డే కొందామంటే పెట్టె మూడు రకాలుగా అడ్డం పడుతుంది. మొదటిది ఎత్తు. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఎత్తు 111 మిల్లీమీటర్లు. ఈ క్యాబినెట్ మూత పడాలంటే 69 మిల్లీమీటర్లకు మించని 'లో ప్రొఫైల్' కార్డే పెట్టాలి. రెండోది వెడల్పు. కొన్ని చిన్న మోడళ్లలో పెద్ద స్లాట్ సరిగ్గా పవర్ సప్లైని ఆనుకుని ఉంటుంది, రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు అక్కడ దూరదు. మూడోదే అసలు చిక్కు, కరెంటు. మన షాపుల్లో ఎస్సెంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై ఈ పెట్టెలో 255 వాట్లది. పెద్దది తెచ్చి పెడదామంటే కుదరదు, సైజు వేరు. పైగా మామూలు మదర్‌బోర్డులకు ఉండే 24 పిన్నుల కనెక్టర్ బదులు డెల్ తనకంటూ 8 పిన్నులది పెట్టుకుంది. పెద్ద కార్డులకు విడిగా కరెంటు మోసుకెళ్లే వైరు లోపల వెతికినా కనపడదు.

ఇక మిగిలేది స్లాట్ ఇచ్చే కరెంటే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం 2003 నాటికి స్థిరపడింది. దాని ప్రకారం పెద్ద స్లాట్‌లోంచి కార్డు తీసుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. అందులో సింహభాగం, అంటే 66 వాట్లు, 12 వోల్టుల దారిలో 5.5 ఆంపియర్లుగా వస్తుంది. ఆ దారి అంతకంటే మొయ్యదు. కొన్ని కంపెనీల చిన్న పెట్టెల మాన్యువల్ చూస్తే స్లాట్‌కు ఇంతకంటే తక్కువే రాసి ఉంటుంది, కొనేముందు ఆ పేజీ తిరగేయడం మంచిది. ప్రాసెసర్‌కు 84, కార్డుకు 75, డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు కలిపి ఇంకో నలభై అనుకున్నా మొత్తం 200 చుట్టూ తేలుతుంది. 255లో ఇముడుతుంది. ఇరవయ్యేళ్ల కింద గీసిన ఆ గీతే ఈ ఆఫీసు పెట్టెకు రెండో జన్మ ఇచ్చింది. ఎందుకంటే కార్డు తయారీదార్లలో కొందరు దాన్ని దాటకుండా ఎంత ఆట ఆడించగలమో చూడటం మొదలుపెట్టారు.

2014 ఫిబ్రవరిలో ఎన్విడియా జీటీఎక్స్ 750 టిఐ తెచ్చింది. వాడకం 60 వాట్లు, విడి వైరు అక్కర్లేదు. 148 చదరపు మిల్లీమీటర్ల చిప్పులో 187 కోట్ల ట్రాన్సిస్టర్లు. రెండేళ్ల తర్వాతి 1050 టిఐ చిప్పు 132 చదరపు మిల్లీమీటర్లకు తగ్గింది, ట్రాన్సిస్టర్లు మాత్రం 330 కోట్లకు పెరిగాయి. 28 నానోమీటర్ల తయారీ నుంచి 14కు దిగడం వల్ల అది సాధ్యమైంది. 2019లో జీటీఎక్స్ 1650 వచ్చింది, మళ్లీ 75 వాట్లే. 2024లో ఆర్‌టీఎక్స్ 3050 ఆరు గిగాబైట్ల రకం 70 వాట్లతో వచ్చింది. ఏటా కొత్త కార్డు వేగం చూసి మురిసిపోయేవాళ్లు ఇంకెన్ని వందల వాట్లు మింగుతోందో పట్టించుకోరు. ఈ చిన్న కార్డుల్లో ఆ మోసానికి తావు లేదు, పెరిగిందంతా పనితనమే.

ఆ పనితనం వెనక ఉన్న భౌతికశాస్త్రం కష్టమైంది కాదు. చిప్పు తినే వాట్లు దాని వేగానికి అనులోమానుపాతంలో పెరుగుతాయి, వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గానికి అనులోమానుపాతంలో. వోల్టేజీ పది శాతం తగ్గిస్తే వాట్లు దాదాపు ఇరవై శాతం పడిపోతాయి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ వోల్టేజీ కూడా తగ్గించుకుంటూ పోవచ్చని 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపించారు. మూడు దశాబ్దాలు అది నడిచింది. 2005 ప్రాంతంలో ఆగింది. ఇంకా తగ్గిస్తే ఆపేసిన ట్రాన్సిస్టర్‌లోంచి కూడా కరెంటు కారిపోతోంది. అప్పటినుంచి వేగం పెంచితే వేడి తప్పదు.

వేగం తగ్గిస్తే? 2021లో వచ్చిన రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్‌టీఎక్స్ 3060 ఆటలవాళ్లది: 3584 కోర్లు, 1777 మెగాహెర్ట్జ్ వరకు వేగం, 170 వాట్లు. ఆర్‌టీఎక్స్ ఏ2000 ఇంజినీర్ల డ్రాయింగు పనికి చేసింది: అదే చిప్పు, 3328 కోర్లు, 1200 మెగాహెర్ట్జ్, 70 వాట్లు. కోర్లు, వేగం రెండూ కలిపి లెక్కిస్తే రెండోదాని సత్తా మొదటిదాంట్లో 63 శాతం. కరెంటు మాత్రం 41 శాతం. నాట్లప్పుడు పదిమంది కూలీలు పరుగులు పెట్టి పొలం ముగించడం ఒక తీరు, దాదాపు అంతే మంది నింపాదిగా వంగి ముగించడం ఇంకో తీరు. రెండో తీరులో ఎవరికీ నడుం విరగదు. ఏ2000 చేసేది అదే, దాదాపు అంతే మంది, తక్కువ వేగం, తక్కువ వోల్టేజీ. లో ప్రొఫైల్‌లో వస్తుంది కనుక ఈ పెట్టెలవాళ్లకు దాని మీద మోజు. ధర మాత్రం పెట్టెకంటే కార్డే ఎక్కువ పలుకుతుంది, అది నాకు కొంచెం వింతగానే ఉంటుంది.

మోజులో పడి కొన్న కార్డు పాత బోర్డు మీద తడబడటం కూడా ఉంది. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400 తినేది 53 వాట్లే, చూడటానికి ఈ పెట్టె కోసమే చేసినట్టుంటుంది. కానీ అది నాలుగు దారులతోనే బోర్డుతో మాట్లాడుతుంది. పీసీఐ నాలుగో తరం బోర్డులో అవి సెకనుకు సుమారు 8 గిగాబైట్లు మోస్తాయి. 9020లో ఉన్నది మూడో తరం, అక్కడ సగమే. ఇంటెల్ ఆర్క్ కార్డులది ఇంకో పేచీ, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పాత బోర్డుల్లో వాటి సత్తా బాగా పడిపోతుంది. ఇక డిస్కులకు కరెంటిచ్చే సాటా వైరు నుంచి పెద్ద కార్డుల ఆరు పిన్నులకు మార్చే చవక అడాప్టర్‌తో పెద్ద కార్డు నడుపుదామనుకునేవాళ్లకు ఒక లెక్క. ఆ సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర మోసేది 54 వాట్లు. ఆరు పిన్నుల దారిలో కార్డు 75 వరకు లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగే వాసన అక్కడినుంచే మొదలవుతుంది.

కార్డు కుదిరాక ప్రాసెసర్ వైపు చూడాలి. నాలుగు కోర్ల ఐ5 కొత్త ఆటల్లో ఉక్కిరిబిక్కిరవుతుంది. సగటు బాగానే ఉన్నా మధ్యమధ్య బొమ్మ ఆగి గెంతుతుంది. అదే సాకెట్‌లో దిగే ఐ7-4770 ఒకేసారి ఎనిమిది పనుల వరసలు పట్టగలదు, ఆ గెంతులు తగ్గుతాయి. పదేళ్ల నాటి థర్మల్ పేస్టు ఎండి పెచ్చులై ఉంటుంది, విప్పినప్పుడే కొత్తది రాయాలి. ఎస్‌ఎస్‌డీ పెడితే ఆట త్వరగా తెరుచుకుంటుంది తప్ప సెకనుకు వచ్చే బొమ్మలు పెరగవు.

ఇక ముందు షాపులకు రాబోయే పెట్టెల సంగతి. విండోస్ 11 ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా తోసిపుచ్చింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. అందుకే ఆరు, ఏడు తరాల పెట్టెలు ఇప్పుడు ఆఫీసుల నుంచి బయటపడుతున్నాయి. మరోవైపు 2024 జనవరిలో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్ 7 8700జీ లాంటి చిప్పులు గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్‌లోనే కలిపేసి, మొత్తం 65 వాట్లలో 1050 టిఐ సరసన నిలుస్తున్నాయి. వాటికి స్లాట్ అక్కర్లేదు, లో ప్రొఫైల్ అక్కర్లేదు. కాకపోతే మెమరీ మళ్లీ అరువే. డీడీఆర్5-5200 రెండు స్టిక్కులుంటే సెకనుకు 83 గిగాబైట్లు, ఒకటే ఉంటే అందులో సగం. రేపు ఆ ఆఫీసు పెట్టెలు సెకండ్ హ్యాండ్ షాపులకు వచ్చినప్పుడు మూత తీసి ముందు చూడాల్సింది ర్యామ్ స్లాట్లే.