శ్రమ ఉత్పాదకత – అసంఘటిత రంగం: మంత్రాలయం, ఎమ్మిగనూరు ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒక సంస్థ జోడించిన విలువను అందులో పనిచేసేవారి సంఖ్యతో భాగిస్తే వచ్చేది శ్రమ ఉత్పాదకత. జాతీయ గణాంక కార్యాలయం సర్వే ప్రకారం, దేశంలోని వ్యవసాయేతర అసంఘటిత సంస్థలలో 2023-24లో ఒక్కో శ్రామికుడు జోడించిన స్థూల విలువ ఏడాదికి రూ.1,49,742. అంటే నెలకు పన్నెండున్నర వేల లోపే. సంఘటిత రంగంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఈ అంతరానికి శ్రామికుల నైపుణ్యలోపమే కారణమా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. మంత్రాలయం: నిరీక్షణ కూడా శ్రమే

శ్రీరాఘవేంద్రస్వామి మఠం పరిసరాలలో పూలు, టెంకాయలు, పూజాసామగ్రి అమ్మేవారి జీవిక యాత్రికుల రాకపై ఆధారపడి ఉంటుంది. గురువారాలలోను, శ్రావణ బహుళ విదియ సందర్భంగా జరిగే ఆరాధనోత్సవాలలోను రద్దీ అధికం. మిగిలిన రోజుల్లో అదే వ్యక్తి, అదే అంగడిలో, అన్ని గంటలూ కూర్చున్నా బేరం తక్కువ. నైపుణ్యం మారలేదు, గిరాకీ మారింది. నెలజీతపు ఉద్యోగి విషయంలో ఖాళీ సమయపు భారాన్ని సంస్థ మోస్తుంది. చిరువ్యాపారి విషయంలో ఆ భారమూ, వాడిపోయిన పూల నష్టమూ అతనివే.

3. ఎమ్మిగనూరు: విలువ ఎవరి ఖాతాలో?

సమీపంలోని ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. అక్కడ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. సహకార పద్ధతిలో నూలు సరఫరా, వస్త్ర విక్రయం సంఘం బాధ్యతలు. నేతగాని పని నేయడం. షావుకారు వద్ద కూలికి నేసే ఇంటిలో నేతగానికి దక్కేది కూలి మాత్రమే. గణాంకాలలో అతడు జోడించిన విలువగా నమోదయ్యేది దాదాపు ఆ కూలే. అమ్మకపు లాభం వర్తకుని ఖాతాలో చేరుతుంది. ఆ వర్తకుడు సంఘటిత రంగానికి చెందితే, అసంఘటిత శ్రమఫలం సంఘటిత రంగపు ఉత్పాదకతగా కనిపిస్తుంది.

భాజకంలోనూ చిక్కుంది. ఇంటి స్త్రీలు వంటపనుల నడుమ కండెలు చుడతారు. వారిని పూర్తి శ్రామికులుగా లెక్కిస్తే సగటు పడిపోతుంది. విడిచిపెడితే వారి శ్రమే అదృశ్యమవుతుంది.

4. ముగింపు

అసంఘటిత సంస్థలను చట్టపరిధిలోకి తేవడమే అభివృద్ధి మార్గమని హెర్నాండో డి సోటో వంటి ఆర్థికవేత్తలు వాదించారు. నమోదు వల్ల రుణసౌకర్యం కలగవచ్చు. కాని నమోదుపత్రం గిరాకీని తేదు, నూలు ధరను తగ్గించదు. మనుషుల సంఖ్యకు బదులు పనిగంటలను, విడి సంస్థకు బదులు నూలు నుంచి అమ్మకం దాకా సాగే మొత్తం గొలుసును కొలిచినప్పుడే ఉత్పాదకత అంతరం అసలు స్వరూపం తెలుస్తుంది. అంతవరకు తక్కువ అంకెను నైపుణ్యలోపానికి నిదర్శనంగా చూపడం శాస్త్రీయం కాదు.