మంచు ఆరేలోపు

గుంటూరు, ప్రకాశం మైదానంలో చలికాలం అంటే పనికాలం. ఆ పని మధ్యలోనే చిన్న చిన్న సుఖాలు, ఆదివారం ప్రయాణాలు.

ఏటా మే నెలలో రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది, ఎండలు మండిపోతున్నాయని. అలాంటి ఊరున్న మైదానంలో చలి ఎంతని ఉంటుంది? తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీలకు దిగితే చాలు, మఫ్లర్లు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఉత్తరాదివాళ్లు చూస్తే నవ్వుకుంటారేమో గానీ, ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండకూ ఉక్కకూ ఒళ్లప్పగించినవాళ్లకు ఈ కాస్త చల్లదనమే భోగం.

చిక్కల్లా ఒకటే. నల్లరేగడిలో ఊపిరి సలపని పని ఉండేదీ ఈ నెలల్లోనే. పత్తి తీతలు, మిరప కోతలు, ఒంగోలు వైపు పొగాకు, శనగ అన్నీ ఒకేసారి మీద పడతాయి. దుప్పటి ముసుగుతన్ని పడుకునే వీల్లేదు. అందుకే ఇక్కడివాళ్ల చలికాలపు సుఖాలన్నీ పనికి ముందు గంటలోనో, పని ఆగిన రోజునో ఇమిడిపోయి ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ఈ ఉమ్మడి జిల్లాల్లోంచి పల్నాడు, బాపట్ల వేరే జిల్లాలయ్యాయి. చలి మాత్రం ఇంకా ఉమ్మడిదే.

మంట దగ్గర గంట

మంచు మీద పత్తి తీస్తే దూదికి తేమ పడుతుంది. తేమ పట్టిన పత్తికి ధర పలకదు. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర. ఆ పైన కోత పడుతుంది, 12 శాతం దాటితే కొననే కొనరు. కాబట్టి కూలీలు చేలో దిగాలంటే మంచు ఆరాలి. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఆటో దిగిన ఆడవాళ్లకు ఆ ఆగే సమయమే తమది. నిరుటి పత్తికట్టె నాలుగు పుల్లలు పోగేసి మంట వేస్తారు. టీ బడ్డీ నుంచి చిన్న గ్లాసులు వస్తాయి. “మంచు ఆరిందా?” అన్నదే ఆ పూట పలకరింపు. ఇంటి సంగతులు, చీటీ పాటలు, పెళ్లి సంబంధాలు అన్నీ అక్కడే తేలతాయి. ఎండ చురుక్కుమనగానే మంట ఆర్పి, ఒడి కట్టుకుని సాళ్లలోకి దిగుతారు.

మిరప కల్లం దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. ఆరబోసిన కాయ మీద రాత్రి మంచు పడితే రంగు పోయి తాలు అవుతుంది. అందుకని పొద్దుగూకగానే పట్టాలు కప్పాలి, తెల్లారి మంచు విడిచాక తియ్యాలి. నడుమ రాత్రంతా కాపలా. కల్లం పక్కన నులకమంచం, దుప్పటి, సెల్‌ఫోన్‌లో పాత పాటలు, పక్క కల్లం నుంచి కబుర్లకొచ్చే నేస్తం. ఘాటుకు అలవాటుపడ్డవాళ్లు గనక వీళ్లకు తుమ్ములు రావు. కొత్తవాళ్లు మాత్రం కల్లం దరిదాపులకు వస్తేనే దగ్గుతారు.

కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలసొస్తాయి. ఊరి చివర గుడారాలు వేసుకుంటారు. చీకటి పడ్డాక రాళ్ల పొయ్యిల మీద జొన్నరొట్టెలు కాలుతుంటే, వాటి ముందు పిల్లలు చేతులు కాచుకుంటారు. బడిలో ఉండాల్సిన వయసు వాళ్లది. ఈ మైదానపు చలికాలాన్ని ముచ్చటగా చెప్పుకునేటప్పుడు వాళ్లను మరిచిపోకూడదు.

టంగుటూరు, కొండపి వైపు వెళ్తే చలి రాత్రి వెచ్చగా ఉండే చోటు పొగాకు బ్యారన్. ఆకు పసుపు తిరిగి, ఆరి, ఈనె ఎండేదాకా రోజుల తరబడి మంట ఆగకూడదు, వేడి తగ్గకూడదు. అందుకే రాత్రిళ్లు ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఒకరు మేలుకుంటే తోడుకు ఇద్దరు చేరతారు. ఆ కబుర్లకు అంతుండదు.

జాడీలోకి ఎర్రదనం

ఇళ్లల్లో చలికాలపు పెద్ద పని కొరివికారం. మిరప చేలో కాయ పండి, ఇంకా ఎండని ఆ కొద్ది వారాల్లోనే పెట్టుకోవాలి. పండుకాయను తడి లేకుండా బట్టతో తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పు, చింతపండు, పసుపు వేసి తొక్కుతారు. జాడీకెత్తి మూడో రోజు తిరగగలుపుతారు. కావలసినప్పుడు కాస్త తీసి, వెల్లుల్లి, ఇంగువతో తాలింపు పెట్టుకుంటారు. పొగలుగక్కే అన్నం, మీద నెయ్యి, కంట్లో నీళ్లు! చలికి ఇంతకన్నా మందు లేదంటారు గుంటూరువాళ్లు. రోలు పోయి మిక్సీ వచ్చినా, ఆ రోజు ఇంట్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరడం మాత్రం పోలేదు. అమెరికాలో ఉన్న పిల్లల వాటా కూడా ఆ జాడీలోనే ఉంటుంది.

సముద్రం వైపు ఇసుక నేలల్లో ఈ రోజుల రుచి తేగలది. పాతరేసిన తాటి టెంకలు మొలకెత్తితే తవ్వి, కుండలో ఉడికించో కాల్చో కట్టలు కట్టి అమ్ముతారు. బాపట్ల, చీరాల రోడ్ల మీద ఆ కట్టలు కనిపిస్తే బండి ఆపకుండా ఉండటం కష్టం. ప్రకాశంలో శనగ చేల గట్ల మీద పచ్చికాయలతో ఉన్న మొక్కలను మంటలో కాల్చి, బూడిద ఊదుకుంటూ తినడం ఇంకో సరదా. వానా, కాలువా అక్కర్లేకుండా నేలలోని తేమతో, మంచుతో పండే పంట అది. అందుకే శనగ రైతు చలిని తిట్టడు.

డిసెంబరు నడిమికి ధనుర్మాసం మొదలై నెలగంట పెడతారు. అక్కడినుంచి భోగిదాకా తెల్లవారుజాము గుడులది. మంగళగిరి, పొన్నూరు, బాపట్ల వైష్ణవాలయాల్లో రోజుకో పాశురం చొప్పున తిరుప్పావై ముప్పై పాశురాలు సాగుతాయి. భక్తి సంగతి ఎలా ఉన్నా, ఆ చలిలో దొన్నెలో పెట్టే వేడి పొంగలి కోసం లేచే కుర్రాళ్లూ తక్కువేం కాదు. ఇంటి ముందు ముగ్గు, గొబ్బెమ్మ, వీధిలో హరిదాసు. ఈ మధ్య హరిదాసులు కొందరు బైకు మీద మైకు పెట్టుకుని వస్తున్నారు. బియ్యం పోసే చేతులు మాత్రం మారలేదు.

యార్డు మూస్తే ఊరు కదులుతుంది

గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. తేజ, 334, 341 రకాల మిరప టిక్కీలతో కిక్కిరిసే ఆవరణ సద్దుమణిగితే కమీషన్ వ్యాపారి నుంచి ముఠా కూలీ దాకా కాస్త గాలి పీల్చుకుంటారు. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరే చోట్లు చుట్టూ బోలెడు.

మొదటి మొగ్గు సముద్రానికే. బాపట్ల నుంచి సూర్యలంక, చీరాల నుంచి వాడరేవు, రెండూ పది కిలోమీటర్ల లోపే. ఒంగోలువాళ్లకు కొత్తపట్నం ఉంది. కార్తీక పౌర్ణమికి స్నానాలతో మొదలైన రద్దీ సంక్రాంతి దాకా తగ్గదు. చీరాల దాకా వచ్చినవాళ్లు వేటపాలెంలో ఆగాలి. జీడిపప్పు కోసం అందరూ ఆగుతారు. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం కోసమూ ఆగండి. ఆ భవనానికి 1929లో గాంధీజీ పునాదిరాయి వేశారు. పాత పత్రికల బైండ్ల నడుమ ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

కొండలు ఇష్టమైతే కొండవీడు ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చింది ఇక్కడికే. ఘాట్ రోడ్డు పడ్డాక ముసలివాళ్లూ పైకి రాగలుగుతున్నారు. ఉదయాన కోట గోడ మీద నిలబడితే కింద పత్తి చేలు, మిరప చేలు మంచులోంచి ఒక్కొక్కటిగా తేలతాయి. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు కాబట్టే అవి ఏటా వస్తున్నాయి.

కాస్త దూరమైనా పరవాలేదనుకుంటే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న, ఇలాంటి చలిరోజుల్లోనే, నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి, తిరుగుదారిలో చంద్రవంక దూకే ఎత్తిపోతల చూసి రావచ్చు. దారి పొడవునా మిరప చేలకు పారే నీళ్లు సాగర్ కుడి కాలువవే. విహారానికి వెళ్లిన రైతు అక్కడా జలాశయం మట్టమే చూస్తాడు, ఆఖరి తడికి నీళ్లందుతాయా లేదా అని.

రైతు దిగులు నీళ్లతోనే ఆగదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతనే తినేసింది. 2025 ఆరంభంలో పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు రూ. 11,781 మార్కెట్ జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చింది. పురుగునూ ధరనూ ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు. మంట దగ్గర టీ, జాడీలో కారం, ఆదివారం సముద్రం మాత్రం చేతిలోనివి. అందుకే ఏ ఏడు ఎలా ఉన్నా ఇక్కడివాళ్లు వాటిని వదులుకోరు.

రావాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. చీకటితోనే బయల్దేరండి, పది దాటితే ఈ మైదానంలో చలి ఉండదు. ఫొటో కోసం మిరప కల్లంలో కాలు పెట్టకండి, అది ఒక ఇంటి ఏడాది తిండి. సూర్యలంకలో ఎర్రజెండా దాటి లోపలికి పోకండి. ఉప్పలపాడులో గోల చేయకండి, తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకెళ్లండి. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కదిలే శివరాత్రి నాటికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని సామెత. కాబట్టి రాదలచుకుంటే శివరాత్రికి ముందే రండి.