ప్రస్తుతము ఏమి చదువుచున్నారు?

చుట్టము ఇంటికి వచ్చినప్పుడు వానలను గురించియు, పిల్లల చదువులను గురించియు, కుదిరిన సంబంధములను గురించియు, కుదురక తప్పిపోయిన సంబంధములను గురించియు గంటల తరబడి ముచ్చటించుకొను మనము, "ఈ మధ్య ఏం చదువుతున్నారండీ?" అని యడుగుటకు మాత్రము ఏలనో సంకోచింతుము. పరీక్ష పెట్టినట్లుండునేమో యను బిడియ మొకటి. ఏమియు చదువుటలేదని చెప్పవలసివచ్చిన ఆయన చిన్నబుచ్చుకొనునేమో యను మొగమోటము మఱియొకటి. కాని పుస్తకము ఒక యింటినుండి మఱియొక యింటికి చేరుటకు ఇంతకంటె దగ్గర దారి నాకు కానరాదు. "మీకు మిక్కిలి నచ్చిన గ్రంథమేది?" అని యడిగి చూడుడు, ఎంతటి నిష్కపటియైనను ఒక్క క్షణము తడుముకొని, తన గౌరవమునకు తగిన పేరొకటి వెదకి చెప్పును. ఆ జాబితాలో మహాభారత ముండును, వేయిపడగలుండును, పరభాషల నుండి వచ్చిన బృహన్నవల యొకటి రెండుండును. వానిలో ఆయన తుదముట్ట చదివినవి యెన్నియో దైవమునకే యెఱుక. అట్లుకాక "ఇప్పుడు చేతిలో ఉన్నదేమిటి?" అని యడిగినచో, తలగడ ప్రక్కనున్న పుస్తకము పేరు బయటపడును. సగము చదివినవానికి తీర్పు ఇంకను కుదిరియుండదు. మెప్పును విసుగును సందేహమును ఒకదానిపై నొకటి త్రోసికొని వచ్చును. వినువానికి ఆ పుస్తకముపై ఆశ పుట్టించునది అదియే.

చదివినదానిని పదుగురితో పంచుకొనుట మనకు క్రొత్త విద్య యేమియు కాదు. అక్షరము రానివారు సైతము పురాణకాలక్షేపముల పుణ్యమున పోతన భాగవతమును చెవులతో చదివిన దేశ మిది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టినది. వీని చరిత్రలు చాలమంది యెఱిగినవే. నాకు మాత్రము వీనియన్నిటికంటె ముచ్చటగొలుపునది 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాడెల్టా కాలువలో, కొల్లూరు పెదవడ్లపూడి గ్రామముల నడుమ నడిపిన పడవ గ్రంథాలయము. రాదారి పడవయే బస్సుగను రైలుగను చెలామణి యగుచున్న ఆ సీమలో, ప్రయాణమనగా గంటల కొలది కూర్చుండుట. కూర్చుండినవాని చేతికి పుస్తకమందించిన చదువక యేమి చేయును? ప్రక్కవాడు తొంగిచూడక యెట్లుండును? "అందులో ఏముందయ్యా?" అని యడుగక యెట్లూరకుండును? తన రేవు వచ్చుసరికి కథ ముగియనివాడు, మిగిలినది తోడి ప్రయాణికుని నోట విని దిగిపోయియుండునని నే నూహించుకొందును. గ్రంథాలయోద్యమమునకు ధనమిచ్చినవారిని, భవనములు కట్టించినవారిని మనము స్మరింతుము. కాని చదివిన కథను గట్టుమీద నలుగురికి చెప్పిన అజ్ఞాత పాఠకుని సేవ ఏ నివేదికకును ఎక్కలేదు.

తరువాతి కాలమున ఈ పని వారపత్రికలకును అద్దె పుస్తకముల దుకాణములకును సంక్రమించినది. సీరియలు ముగియగానే పుటలను జాగ్రత్తగా చించి, వరుసగా పేర్చి, అట్టవేయించి బైండు చేయించుకొన్న యిల్లాండ్రు ఆనాడు ప్రతి వీథిలోను ఉండిరి. అట్టి బైండు పుస్తకము నొకదానిని చేతిలోనికి తీసికొని చూచినవారికి దాని చిత్రము తెలియును. ప్రతి భాగమునకు మొదట "జరిగిన కథ", చివర "సశేషం". కథానాయిక కన్నీరు పెట్టుకొనుచున్న పుట వెనుక తలనూనె ప్రకటనయు, సగము తెగిన వ్యంగ్యచిత్రమును. ఎక్కడనో నడుమ ఒక వారపు పుటలు దొరకక, "ఇక్కడ పెళ్ళి ఆగిపోయింది" అని పెన్సిలుతో వ్రాసిన ఒక్క వాక్యము. ఆ వాక్యము వ్రాసిన చేయి ఎవరిదో గాని, తన తరువాత చదువువారి కష్టమును తలచి కథ కొక వంతెన కట్టినది. ఇంతకంటె గొప్ప పుస్తకపరిచయము పత్రికలలోను అరుదుగనే కానవచ్చును. విద్వాంసులు ఈ నవలలను ఈసడించిరి. ఈసడించుట వారి హక్కు. కాని అవి చేతులు మారినంత వేగముగా విద్వాంసులు మెచ్చిన గ్రంథములు మారలేదన్నదియు నిజమే.

ఈ యింటింటి సంభాషణను అచ్చులోనికి తెచ్చినవారిలో మాలతీ చందూర్ గారిని చెప్పవలెను. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' అను శీర్షికతో ఆమె యేండ్ల తరబడి పాశ్చాత్య నవలలను తెలుగు పాఠకులకు పరిచయము చేసిరి. ఆమె తీర్పరి పీటమీద కూర్చుండి వ్రాయలేదు. తాను చదివిన కథను పెరటిగోడ కీవల నిలిచి పొరుగామెకు చెప్పినట్లు, పాత్రలను పేరు పేరున పిలుచుచు చెప్పుకొనిపోయిరి. కథ యంతయు చెప్పివేసిన తరువాత మూలము చదువువారెవరని కొందఱు పెదవి విఱిచిరి. నా యభిప్రాయము వేఱు. ఏమి జరుగునో తెలిసియు మరల చదువ బుద్ధి పుట్టించునదియే చదువదగిన పుస్తకము. హంతకు డెవడో తెలియగానే చప్పబడిపోవు పుస్తకము నొకసారి చదివి అమ్మివేసినను నష్టము లేదు. ఐనను అపరాధపరిశోధక నవల చదువుచున్నవానికి ముగింపు చెప్పుట మాత్రము మహాపాతకమే.

ఇక నొకరికి పుస్తకమును చెప్పుట యెట్లు? ప్రశంసావాక్యములతో పని జరుగదు. "అద్భుతమైన హాస్యము, చదివి తీరవలెను" అన్నచో వినువాడు తలయూపి ఆ మాట నక్కడనే మఱచును. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మొదటి భాగము 1924లో వెలువడినది. దానిని గురించి ఇన్ని మాట లక్కరలేదు. మొగలితుఱ్ఱు కుఱ్ఱవాడు సీమకు పోవుచు, దొరల టోపీ యనుకొని దొరసానులు పెట్టుకొను టోపీని కొని, నిబ్బరముగా నెత్తిన పెట్టుకొని బయలుదేరెనని చెప్పి ఊరకుండుడు. "తరువాత ఏమైంది?" అని యాతడే యడుగును. ఒక పుస్తకమునకు అట్టి యొక్క టోపీ చాలును. దానిని వెదకి పట్టుకొనుట చెప్పువాని నేర్పు.

ఆ టోపీ యెవరికి నచ్చునో యెఱుగుట అంతకు మించిన నేర్పు. తీరిక లేదని తప్పించుకొను ఉద్యోగికి వేయిపడగలు చేతికిచ్చుట శిక్ష వేయుటయే. సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు' ఇచ్చినచో, బాపుగారి బొమ్మ చూచి పుట త్రిప్పును, కాఫీ చల్లారులోపల నొక కథ ముగియును, నూఱు కథలున్నవి కనుక మఱునాటికిని కొదువ యుండదు. నూఱవ కథ ముగిసిననాడు ఆయనయే పెద్ద పుస్తక మడుగవచ్చును. అడుగకపోయినను మన సొమ్మేమియు పోలేదు. పోవునది పుస్తకమే. పరులచేతికి పోయిన పుస్తకము మరల రాదని పెద్దలు ఏనాడో చెప్పియున్నారు గనుక, మిక్కిలి ప్రియమైన పుస్తకమునకు రెండు ప్రతులు కొనుట, ఇచ్చినవాని పేరు చిట్టాలో వ్రాసికొనుట, అడుగుటకు సిగ్గుపడకుండుట మేలు.

ఇంత చెప్పి నా చేతిలోని పుస్తకము పేరు దాచుట న్యాయము కాదు. అది ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఈయన 1830 మే 18వ తేదీన పరివారముతో కాశికి బయలుదేరి, దారిలో కనబడిన ప్రతి మజిలీని గురించి శ్రీనివాస పిళ్ళై యను మిత్రునకు వ్రాయగా, ఆ మిత్రుడు వానిని చేర్చి 1838లో అచ్చువేయించెను. పుస్తకమే ఒక స్నేహితునితో పంచుకొన్న సంగతి యన్నమాట. ఊరు చేరగానే గుడి గోపురముకంటె ముందు నీళ్ళు మంచివా, బియ్యము దొరకునా, దిగుటకు చోటున్నదా యని చూచు మనిషి ఈయన. నడుమ కొన్ని పుటలు నన్ను విసిగించినవి. నదిదాటుట, బోయీల ఏర్పాటు పదే పదే వచ్చును. నేనింకను హైదరాబాదు దాటి నాగపురము త్రోవలో నున్నాను, కాశి చాల దూరము. ఐనను ఇది యెవరికి ఇయ్యవలెనో అప్పుడే నిశ్చయించుకొంటిని: మా వీథి చివర నొక విశ్రాంత బస్సు కండక్టరుగా రున్నారు, ఏ ఊరి పేరెత్తినను అక్కడ హోటలు భోజన మెట్లుండునో, రాత్రివేళ దిగినవారికి బస యెక్కడ దొరకునో చెప్పనిదే సంభాషణ ముందుకు సాగనీయరు.